చిన్నీకి, నీ బొమ్మల పుస్తకం గురించి

చిన్నీ,

వేర్వేరు సంస్కృతుల పిల్లల స్నేహం మీద బొమ్మల పుస్తకం వేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషం వేసిందో! ఆ వెంటనే గుబులూ మొదలైంది. అందుకే ఈ ఉత్తరం.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. 32 పేజీల్లో ముగించు. బొమ్మ చెప్పేసింది మాటల్లో మళ్లీ చెప్పకు. ముఖ్యమైన మొహం రెండు పేజీల మధ్య మడతలో పడనివ్వకు. రాసింది పైకి చదువుకో, నాలుక తడబడిన చోట కొట్టెయ్.

నా అసలు భయం వేరే. ఇలాంటి పుస్తకాల్లో ఒక పాత పొరపాటు పదేపదే కనిపిస్తుంది. కొత్తగా వచ్చిన పిల్లను ఎవరూ ఆటలో కలుపుకోరు. ఒకరోజు ఆ పిల్ల తప్పిపోయిన కుక్కపిల్లను వెతికి తెస్తుంది. అంతే, అందరూ చుట్టూ చేరతారు. పైకి ముచ్చటగానే ఉంటుంది. కానీ మిగతా పిల్లలకు ఊరికే దొరికే స్నేహం ఆ ఒక్క పిల్లకే ఎందుకు కష్టపడితే గానీ దొరకదు? తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఒకసారి తరగతిలో అలాంటి పుస్తకమే చదువుతున్నారు. నేను వెనక కూర్చున్నాను. కొత్త పిల్ల బొమ్మ రాగానే తలలన్నీ ఒక్క బాబు వైపు తిరిగాయి. వాడు చొక్కా గుండీ పట్టుకుని తిప్పుతూ కూర్చున్నాడు, కథ అయ్యేదాకా తల ఎత్తలేదు. నీ పుస్తకం చదివే గదిలోనూ అలాంటి బిడ్డ ఒకరుంటారమ్మా.

గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వవేత్త 1954లోనే చెప్పాడు. వేర్వేరు వర్గాల వాళ్లను ఊరికే ఒకచోట చేరిస్తే దురభిప్రాయాలు పోవు, ఇద్దరికీ సమాన స్థాయి ఉండాలి, కలిసి చేసే పని ఉండాలి అని. కాబట్టి నీ పిల్లలిద్దరికీ ఒక పని ఇవ్వు. ఇసుకలో కోట కట్టనీ, అది కూలిపోనీ, నీవల్లే అంటే నీవల్లే అని పోట్లాడుకోనీ. కొత్త పిల్లకు కోపం వచ్చే హక్కు, తప్పు చేసే హక్కు ఉండాలి.

బొమ్మల్లోనూ అంతే. ఎప్పుడూ ఒకరే వంగి చెయ్యి అందిస్తున్నారా, ఆట ఎప్పుడూ ఒకరే మొదలుపెడుతున్నారా అని పేజీ పేజీ చూసుకో. ఆ పిల్లను రోజూ పండగ బట్టల్లో నిలబెట్టకు. మోకాలి మీద మట్టి వెయ్యి, ఊడిన షూ లేసు వెయ్యి.

పెన్సిల్ బొమ్మలుండగానే ఆ సంస్కృతిలో పెరిగిన వాళ్లకు చూపించు. రంగులు వేశాక చూపిస్తే మార్చడానికి నీకే మనసొప్పదు. టైం లేదన్నావంటే ఊరుకోను!

చిన్నప్పుడు నా ఒళ్లో కూర్చుని, కథ వదిలేసి, బొమ్మలో ఓ మూల నిలబడ్డ పాప పేరేంటని అడిగేదానివి. చెప్పేదాకా పేజీ తిప్పనిచ్చేదానివి కాదు. ఈ పుస్తకం నువ్వు వెయ్యగలవని నా నమ్మకం.

ఆ పోట్లాట పేజీ ముందు గీసి పంపు. రంగులు లేకపోయినా సరే.

నీ పెద్దమ్మ