ఆ మధ్యాహ్నం ఏమైంది?

బాబూ,

నీ లద్దాఖ్ వ్యాసం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివింది కోపంతో. త్సో కార్ చెరువు ఒడ్డున పగలంతా నడిచిన రోజును "కొన్ని గంటల నడక తర్వాత క్యాంపు చేరుకున్నాం" అని ఒక్క ముక్కలో తేల్చేసి, ఆ తర్వాత పేజీన్నర నిన్ను నువ్వు ఎలా కనుగొన్నావో రాశావు. నువ్వు దొరికినందుకు సంతోషమే గాని, ఆ కొన్ని గంటలు ఏమయ్యాయయ్యా?

నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున, బల్లపరుపు నేల మీద నడిచినవాడి దగ్గర ఉండే సరుకే ఆ గంటలు. శిఖరం ఎక్కేవాడికి పైన ఒక చివర ఉంటుంది, కథ దానంతట అదే నడిచిపోతుంది. చాంగ్‌తాంగ్ పీఠభూమిలో అదేమీ లేదు. గాలి పల్చగా, పొడిగా ఉంటుంది కాబట్టి దూరపు కొండ కూడా మసకబారదు, అరగంటలో చేరిపోతాం అనిపిస్తుంది, మూడు గంటలు నడిచినా అది అక్కడే ఉంటుంది. దూరం అంచనా వేసుకుందామంటే ఒక చెట్టు లేదు. విసుగొస్తుంది. ఆ విసుగు రాయాలి. ఊపిరికి అందే ఆక్సిజన్ మన ఊళ్ళో దానిలో సగానికి కాస్త ఎక్కువంతే, మరి పక్కవాడితో కబుర్లు ఎక్కడ ఆగిపోయాయి? పొద్దున చీలమండ దాకా ఉన్న వాగు, పైన మంచు కరిగి సాయంత్రానికి పొంగుతుంది, దాన్ని ఏ వేళకి దాటావు? త్సో కార్ ఉప్పు చెరువు, పక్కనే ఉన్న స్టార్ట్‌సపుక్ త్సో మంచినీటిది. బాటిల్ ఎక్కడ నింపుకున్నావో నువ్వు చెప్పనేలేదు. తాగే నీళ్ళ సంగతి లేని నడక వ్యాసాన్ని నేను నమ్మను.

ఎడిటర్లకు ఇవన్నీ గిట్టవు, తెలుసు. ఒకప్పుడు నైట్ డ్యూటీ దిగొచ్చి, కార్బన్ పేపర్ పెట్టుకుని రాసిన నా వ్యాసంలోంచి ఒక వారపత్రికాయన మధ్యాహ్నం మొత్తం కోసేశాడు. "ఏమీ జరగట్లేదు కదండీ" అన్నాడు. పైన "భూతల స్వర్గం" అని హెడ్డింగ్, పక్కన దాల్ సరస్సు ఫోటో! లద్దాఖ్ వ్యాసానికి! మనియార్డరు మాత్రం వచ్చింది, టీలకి సరిపోయింది. ఇప్పటి ఫ్యాషన్ ఇంకో రకం, ప్రతి కొండా మనకి ఏదో పాఠం చెప్పేస్తుంది, నడిచినవాడి కాళ్ళు మాత్రం ఎక్కడా కనపడవు.

ఒక్కచోట ఆగాను. గుర్రాలాయన చేతులు కొంకర్లు పోయి, మూట తాడు ముడిని పళ్ళతో బిగించిన వాక్యం దగ్గర. అది నువ్వు కళ్ళతో చూశావు, అందుకే ఒక్క విశేషణం లేకుండా వచ్చింది. తర్వాతి పేరాలోనే ఆయన "అమాయక గిరిజనుడు" అయిపోయాడు. ఆయన చాంగ్‌పా అని నువ్వే రాశావు కదా. ఆ ఎముకలు కొరికే చలిలో, యాక్ వెంట్రుకలతో నేసిన రెబో డేరాల్లో ఉంటూ పష్మీనా మేకల్ని బతికించుకునే మనుషులు వాళ్ళు, ఒకప్పుడు ఆ చెరువు ఉప్పు తీసి బేరం చేసినవాళ్ళు. ఏ గడ్డి ఎన్నాళ్ళు ఆగుతుందో లెక్క తెలిసినవాడు అమాయకుడెలా అవుతాడు? రోజంతా పక్కన నడిచి ఆయన్ని ఏం అడిగావు?

కలం పేరు, ఏ పత్రికకు పంపాలి, ఇవన్నీ తర్వాత చూద్దాం. ఫోన్‌లో ఫోటోల టైములు ఉంటాయి, అవి పెట్టుకుని పదకొండు నుంచి నాలుగు దాకా ఏం జరిగిందో రాసి పంపు. క్యాంగ్‌ల, అదే అక్కడి అడవి గాడిదల, మంద ఫోటో కూడా జతచేశావు, వ్యాసంలో ఒక్క గాడిదా లేదు. ఈసారి ఫోటోలు వద్దు.