మొదటి పేజీలో రాయాల్సింది మీరు కాదు

ప్రశ్న: వచ్చే నెల మా అమ్మాయికి పదహారేళ్లు నిండుతాయి. పాప్ గాయని బ్రిట్నీ స్పియర్స్ అంటే ప్రాణం. ఆవిడ ఆత్మకథ ఇద్దామంటే అందులో అబార్షన్ సంగతి ఉందట. బదులుగా మలాలా ఆత్మకథ ఇస్తే చదువు మీద ధ్యాస పెరుగుతుందేమో అనిపిస్తోంది. పరీక్షల ముందు మావారు కోపంలో గోడ మీది బ్రిట్నీ పోస్టర్ చింపేశారు. పాప ఆ ముక్కలన్నీ ఏరి లెక్కల నోట్సులో దాచుకుంది. ఆయనతో మాట్లాడటం మానేసింది. పుస్తకం మొదటి పేజీలో ‘ప్రేమతో నాన్న’ అని నేనే రాసి ఇద్దామనుకుంటున్నాను. ఏ పుస్తకం కొనమంటారు?

జవాబు: బ్రిట్నీదే కొనండి. 2023లో వచ్చింది. మీరన్న సంగతి అందులో ఉన్న మాట నిజమే. అప్పట్లో వార్తలన్నీ దాని గురించే. అంత అభిమానమున్న పిల్లకి అది మీకన్నా ముందే తెలిసి ఉంటుంది. ముందు మీరు చదవండి, తర్వాత తను అడిగితే జవాబు చెప్పగలుగుతారు. మలాలా పుస్తకం ఇంకోసారి ఇవ్వండి, చిన్నవాళ్ల కోసం విడిగా రాసిన ప్రతి కూడా ఉంది. ఒకరి మీది అభిమానాన్ని ఇంకొకరి పుస్తకంతో మళ్లిద్దామని చూస్తే పిల్లలు ఇట్టే పసిగడతారు.

పుస్తకం మాట అంతే. మీరు అనుకున్న ఆ రెండు పుస్తకాల వెనకా ఒక్కో తండ్రి ఉన్నాడమ్మా. బ్రిట్నీ పెద్దదై, ఇద్దరు బిడ్డల తల్లి అయ్యాక కూడా 2008 నుంచి 2021 దాకా కోర్టు ఉత్తర్వుతో ఆమె డబ్బు, బతుకు ఇంకొకరి చేతిలో ఉన్నాయి. అందులో ఎక్కువ కాలం అజమాయిషీ తండ్రిదే. ఇక మలాలా తండ్రి జియాఉద్దీన్ 2014లో ఒక ప్రసంగంలో, నేను ఏం చేశానని అడక్కండి, ఏం చేయలేదో అడగండి, ఆమె రెక్కలు కత్తిరించలేదు, అంతే అన్నారు. మీ పాప బ్రిట్నీ పుస్తకం చదువుతూ నాన్నని తలుచుకుంటుందని మీకు లోపల భయంగా ఉందేమో. అబార్షన్ సంగతి పైకి చెప్పుకోడానికి దొరికిన సాకులా తోస్తోంది నాకు.

పోస్టర్ చింపింది ఆయన. సంజాయిషీ మీరెందుకు రాస్తున్నారు? పదహారేళ్ల పిల్లకి అమ్మ చేతిరాత తెలీదా? అది చూడగానే నాన్న ఇంకా దిగిరాలేదని అర్థమవుతుంది, పైగా అమ్మ కూడా అబద్ధమాడిందని బాధపడుతుంది. ‘నాన్నకి నువ్వంటే ప్రాణమే’ అని తండ్రి తరఫున బిడ్డకి, ‘చిన్నపిల్ల, వదిలేయండి’ అని బిడ్డ తరఫున తండ్రికి ఇన్నాళ్లూ మీరు మోసిన మాటలు చాలు. మీరు మధ్యలో ఉన్నంతకాలం వాళ్లిద్దరికీ ఎదురుపడే అవసరమే రాదు.

కన్నబిడ్డ ముందు తప్పు ఒప్పుకుంటే తండ్రి చులకనైపోతాడనే మాట నేను ససేమిరా ఒప్పుకోను. నా చిన్నప్పుడు నేను చేయని పనికి మా నాన్న నన్ను కొట్టాడు. సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులైనా విడవకుండా గుమ్మంలోనే నిలబడి ‘పొరపాటు నాదేనమ్మా’ అన్నాడు. దెబ్బ ఎక్కడ పడిందో నాకిప్పుడు గుర్తులేదు, ఆ చెప్పుల కాళ్లు గుర్తున్నాయి.

పుస్తకం తెచ్చి, పెన్నుతో సహా మీవారి ముందు పెట్టండి. ఆయనకి తోచిందే రాయమనండి, ‘పోస్టర్ చింపడం తప్పే’ అన్న ఒక్క ముక్కైనా సరే. రాయనంటే బతిమాలకండి. మీ పేరే రాసి ఇచ్చేయండి. పాప అడిగితే, నాన్న రాయలేదనే చెప్పండి.

పోస్టర్ టేపు మూలలు గోడకి ఇంకా అంటుకుని ఉంటే మీరు గీకేయకండి. ఆయన కంట పడనివ్వండి.