బోన్ మ్యారో టెస్ట్ రాశారంటే బ్లడ్ క్యాన్సరేనా?

అమ్మగారికి పది రోజులు దాటినా జ్వరం దిగట్లేదు, డెంగీ, మలేరియా నెగెటివ్, ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి, ఇప్పుడేమో బోన్ మ్యారో (ఎముక మజ్జ) పరీక్ష అంటున్నారు, క్యాన్సర్ అని దాస్తున్నారా లేక బిల్లు కోసమా అని అడిగారు. రెండూ కాకపోవచ్చండి. నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని, ఇలాంటి జ్వరాలు వార్డులో చూస్తూనే ఉంటాం. అమ్మగారిని చూడకుండా ఆవిడకు ఫలానా జబ్బని మాత్రం చెప్పలేను.

గుంటూరు వైపు మిరప చేలో కలుపు తీసే ఒకావిడ ఇలాగే వచ్చింది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సెఫ్‌ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు అయిపోయాయి, వైడాల్ అనే రక్తపరీక్ష పాజిటివ్ అని టైఫాయిడ్ ముద్ర కూడా పడింది. (వైడాల్ ఒక్కటే చూసి టైఫాయిడ్ అనేయడం మన దగ్గర పెద్ద జాడ్యం. ఎప్పుడో వచ్చి పోయిన ఇన్ఫెక్షన్‌కీ, వేరే జ్వరాలకీ కూడా అది పాజిటివ్ రావచ్చు. రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే బ్లడ్ కల్చర్ లేకుండా నేనైతే నమ్మను.) మా దగ్గరికి వచ్చేసరికి హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ తగ్గిపోతున్నాయి, ప్లీహం వాచింది, ఒంట్లో ఐరన్ నిల్వ చేసే ఫెరిటిన్ అనే ప్రోటీన్ వేలల్లో ఉంది. అసలు అనుమానం ఒంట్లో వాపుని చూపే ఈఎస్‌ఆర్ అనే రక్తపరీక్ష దగ్గర వచ్చింది. జ్వరం అంతలా ఉన్నప్పుడు పెరగాల్సిన ఈఎస్‌ఆర్ ఆవిడకు రోజురోజుకీ తగ్గుతోంది, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫైబ్రినోజెన్ పడిపోతే అలా జరుగుతుంది.

దీన్ని హెచ్‌ఎల్‌హెచ్ అంటారు, పూర్తి పేరు మాకే నోరు తిరగదు. ఇన్ఫెక్షన్‌తో పోరాడాల్సిన కణాలు అదుపు తప్పి మన రక్తకణాలనే మింగడం మొదలుపెడతాయి. 2004 నాటి లెక్క ప్రకారం ఎనిమిది అంశాల్లో ఐదు కలిస్తే హెచ్‌ఎల్‌హెచ్. అందులో ఫెరిటిన్ 500 దాటడం ఒకటి, కానీ ఆ లెక్క ముందు పిల్లల కోసం తయారైంది, ఐసీయూలో ఉన్న పెద్దవాళ్లలో చాలామందికి 500 సులువుగా దాటేస్తుంది, కాబట్టి ఆ ఒక్క నంబర్ చూసి గూగుల్ చేసి టెన్షన్ పడకండి.

పేరు తెలిస్తే సరిపోదు, దాన్ని రెచ్చగొట్టింది ఏంటో దొరకాలి. లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) కావచ్చు, టీబీ కావచ్చు, వైరస్ కావచ్చు. ఆవిడ విషయంలో దాన్ని కనిపెట్టింది స్కాన్ కాదు, ఒళ్లు తుడుస్తున్న స్టాఫ్ నర్సు. రొమ్ము కింద మడతలో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు, నొప్పి లేదు, అందుకే ఆవిడా ఎవరికీ చెప్పలేదు. అది స్క్రబ్ టైఫస్, పొదల్లో, గడ్డిలో ఉండే చిగ్గర్ అనే కంటికి ఆనని పురుగు కుడితే వస్తుంది. పెచ్చు సాధారణంగా చంకలో, గజ్జల్లో, బట్టల చాటునే ఉంటుంది, కొందరికి అసలు ఉండదు. అప్పటిదాకా వేసిన సెఫ్‌ట్రయాక్సోన్ దీనిమీద పనిచేయదు. దీన్ని పట్టుకునే ఐజీఎం ఎలైజా అనే రక్తపరీక్ష మొదటి వారంలో నెగెటివ్ రావచ్చు కూడా, అందుకే రిపోర్ట్ కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టాం. రెండు రోజుల్లో జ్వరం దిగింది, కణాలు నిదానంగా పెరిగాయి, హెచ్‌ఎల్‌హెచ్‌ని అదుపు చేసే స్టెరాయిడ్ దాకా వెళ్లాల్సిన పని పడలేదు.

ఆవిడకూ మ్యారో చేశాం, క్యాన్సర్ లేదని తేలింది. అది వెన్నులోంచి నీళ్లు తీసే పరీక్ష కాదు, తుంటి ఎముక వెనకవైపు ఆ చోటికే మత్తిచ్చి సూదితో తీస్తారు, లాగేటప్పుడు కాసేపు గట్టిగానే నొప్పి ఉంటుంది. అదే శాంపిల్‌ని కల్చర్‌కి పంపితే టీబీ లాంటివి కూడా బయటపడతాయి. ఒక్కోసారి తొందరపెట్టేది ఎందుకంటే, ముందే స్టెరాయిడ్ ఇచ్చేస్తే లింఫోమా ఉన్నా కనపడకుండా పోవచ్చు.

ఈలోగా మీరు చేయగలిగింది ఒకటుంది. అమ్మగారు పొలం పనికి, గడ్డికి వెళ్తారా, షుగర్ ఉందా, ఈ మధ్య ఏ ఊళ్లు వెళ్లారు, నాటు మందుతో సహా ఏమేం వాడారు, అన్నీ డాక్టర్‌కి చెప్పండి. షుగర్ ఉండి వానాకాలం మట్టిలో, నీళ్లలో పనిచేసినవాళ్లకు మెలియాయిడోసిస్ అని ఇంకొక ఇన్ఫెక్షన్ రావచ్చు, దాని బ్యాక్టీరియా కల్చర్‌లో పెరిగినా ల్యాబ్‌వాళ్లు సూడోమోనాస్ అనే వేరే బ్యాక్టీరియా అనుకుని పక్కన పెట్టేసే ప్రమాదం ఉంది, ముందే చెబితే జాగ్రత్తగా చూస్తారు. సిగ్గుపడకుండా లేడీ డాక్టర్‌నో, నర్సునో పిలిచి ఒళ్లంతా ఒకసారి చూడమనండి. మ్యారో స్లైడ్ రిపోర్ట్ సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో వచ్చేస్తుంది, అక్కడే తీసిన చిన్న ఎముక ముక్క పరీక్షకి (బయాప్సీ) ఇంకొన్ని రోజులు పడుతుంది, కాబట్టి ముందు స్లైడ్‌లో ఏం కనిపించిందో అడగండి.