అమెరికాలో అర్థం మారే మన పాత ఇంగ్లిషు మాటలు

కొత్తగా అమెరికా వచ్చిన మనవాళ్లలో చాలామంది తమ యాస గురించి బెంగపెట్టుకుంటారు. ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడ ఉన్న నాకు తెలిసినంతలో, యాసకు ఇక్కడివాళ్లు కొద్ది రోజుల్లోనే అలవాటు పడతారు. చిక్కంతా మనం చిన్నప్పటి నుంచి నిస్సంకోచంగా వాడుతున్న మాటల దగ్గరే వస్తుంది.

ఆ మాటలు తప్పు కావు. వాటిలో చాలావరకు తెల్లదొరల కచేరీల్లో, కంటోన్మెంట్లలో వాడుకలో ఉండి, వాళ్లు వెళ్లిపోయాక మన దగ్గర నిలిచిపోయినవే. ‘అవుట్ ఆఫ్ స్టేషన్’లోని స్టేషన్ ఆ రోజుల్లో అధికారికి ఉద్యోగం వేసిన ఊరు. మనం కారులో పెట్టుకొనే స్టెప్నీకి ఆ పేరు వేల్స్ దేశపు లనెల్లి పట్టణంలోని స్టెప్నీ వీధి నుంచి వచ్చింది. విడి చక్రాల వ్యాపారం అక్కడ 1904లో మొదలైంది. ఇక్కడ దాన్ని స్పేర్ టైర్ అనాలి. ఇలాంటి మాట వాడితే ఎదుటివారు అర్థం కాక మళ్లీ అడుగుతారు, అంతే.

అర్థమైందనుకొని వేరే అర్థం తీసుకొనే మాటలతోనే జాగ్రత్త అవసరం. మనకు ‘డౌట్’ అంటే తెలుసుకోగోరి అడిగే ప్రశ్న. ఇక్కడి ఆఫీసులో సహోద్యోగి పని చూపిస్తున్నప్పుడు ‘నాకొక డౌట్ ఉంది’ అంటే, ఆ పని మీద మీకు నమ్మకం లేదని ఆయన నొచ్చుకోవచ్చు. దాని బదులు ‘క్వశ్చన్’ అనండి. చదువు ముగించడాన్ని ‘పాస్డ్ అవుట్’ అని రాయకండి, ఇక్కడ దానికి స్పృహ తప్పి పడిపోవడమనే అర్థం. సమావేశంలో ఒక విషయాన్ని ‘టేబుల్’ చేయడమంటే బ్రిటన్‌లో చర్చకు పెట్టడం, అమెరికాలో పక్కన పెట్టడం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆ రెండు దేశాల సైనికాధికారులు ఈ ఒక్క మాట మీద చాలాసేపు వాదించుకొన్నారని, తీరా చూస్తే ఇరువురూ కోరినది ఒకటేనని చర్చిల్ రాశారు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది ఆసుపత్రి. మా నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడు కళ్లు తిరుగుతున్నాయని చెప్పడానికి ‘గిడ్డీ’ అన్నారు. నర్సు ఆయన ఏదో సంతోషంలో ఉన్నారనుకొని నవ్వింది. ప్రాచీన ఇంగ్లిషులో పిచ్చిపట్టడమనే అర్థమున్న ఆ మాట తర్వాత తల తిరగడానికి కూడా చెల్లింది కానీ, ఇక్కడివాళ్లకు ముందుగా స్ఫురించేది పట్టలేని ఉత్సాహమే. ‘మోషన్స్’ అన్నా అంతే, కదలికలనుకుంటారు.

అమ్మానాన్నలు వచ్చేముందే వాళ్ల మందుల పేర్లు రాసే కాగితం మీద ‘డిజీ’, ‘డయేరియా’ అన్న మాటలు కూడా తెలుగు లిపిలో రాసి, ఒకటి రెండుసార్లు వాళ్లచేత పలికించండి. మీరు ఆఫీసులో ఉన్నప్పుడు అంబులెన్సు పిలవవలసి వస్తే, ఫోనులో మాట్లాడవలసింది వాళ్లే.