రెండు గ్రాఫిక్స్ కార్డులున్నా గేమ్ ఆగి ఆగి వస్తుంటే

ప్రశ్న: అన్నా, మాది కావలి. నా పీసీలో ఎన్విడియా వాళ్ల గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 970 ఒకటుంది, నెల్లూరులో సెకండ్‌హ్యాండ్‌లో ఇంకోటి దొరికితే కొని రెండిటినీ కలిపే బ్రిడ్జి పెట్టి ఎస్ఎల్ఐ (రెండు కార్డులూ కలిసి పనిచేసే పద్ధతి) ఆన్ చేశా, కానీ కొత్త గేములు ముందుకంటే ఎక్కువ ఆగి ఆగి వస్తుండాయి. రెండూ కలిస్తే మెమరీ 8 జీబీ కదా, మరి ఏంది ఇది?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ 8 జీబీ లెక్క వదిలెయ్. రెండు కార్డులూ ఒక ఫ్రేమ్ (తెర మీద వచ్చే ఒక్కో బొమ్మ) నువ్వు, ఒక ఫ్రేమ్ నేను అని వంతులేసుకుని గీస్తాయి, కాబట్టి గేమ్ డేటా రెండిట్లోనూ విడివిడిగా ఉండాల్సిందే, నీకు దక్కేది 4 జీబీనే. ఆ వంతుల మధ్య టైమింగ్ తప్పితే ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు) ఎక్కువ చూపిస్తున్నా కళ్లకి మాత్రం కుదుపులే కనిపిస్తాయి.

అసలు తిరకాసు వేరే ఉంది. ఎస్ఎల్ఐ సరిగా పనిచెయ్యాలంటే డ్రైవర్లో (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్లో) ఆ గేముకి ప్రొఫైల్, అంటే రెండు కార్డులూ పని ఎలా పంచుకోవాలో చెప్పే సెట్టింగులు, ఉండాలి, 2021 జనవరి నుంచి నీ కార్డులాంటి వాటికి కొత్త ప్రొఫైళ్లు రావట్లేదు, డైరెక్ట్‌ఎక్స్ 12 (విండోస్‌లో గేముల బొమ్మలు గీయించే వ్యవస్థ) గేములైతే ఆ గేము చేసినవాళ్లే సపోర్టు రాయాలి, రాసినవాళ్లు బాగా తక్కువ.

కంట్రోల్ ప్యానెల్‌లో ఎస్ఎల్ఐ ఆఫ్ చేసి అదే సీన్ ఆడి చూడు, స్మూత్‌గా వచ్చిందా, ఇక అనుమానం లేదు, తప్పు ఎస్ఎల్ఐదే. వేడి కూడా చూడు, మన ఎండల్లో పక్కపక్కనే బిగిస్తే పైకార్డుకి గాలాడదు, స్పీడు తగ్గించేసుకుంటుంది. కార్డుకి 145 వాట్లు, ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంటిచ్చే డబ్బా) అంత మోస్తుందా?

నన్నడిగితే రెండూ అమ్మేసి ఒక్క మంచి కార్డు కొనుక్కో.