మ్యాచ్ శనివారం స్టేట్ కాలేజీకి వెళ్లాలంటే
మీ అబ్బాయిని చూడటానికి న్యూజెర్సీ నుంచి పెన్ స్టేట్ యూనివర్సిటీ ఉన్న స్టేట్ కాలేజీ అనే ఊరికి వెళ్దామనుకుంటే, అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న ఆ వారాంతం హోటల్ రేట్లు చూసి కళ్లు తిరిగాయన్నారు కదండీ. తిరగవా మరి! యూనివర్సిటీ వాళ్ల బీవర్ స్టేడియంలో లక్ష మందికి పైగా పడతారు, ఊరి జనాభా అందులో సగం కూడా ఉండదు. గది పక్క ఊరు ఆల్టూనాలో చూడండి, ఐ-99 హైవే మీద కారులో సులువుగా రావచ్చు. రైలైతే ఊళ్లోకి రాదు. దగ్గర్లోని ఆమ్‌ట్రాక్ రైలు స్టేషన్లలో లూయిస్‌టౌన్ ఒకటి, సుమారు 30 మైళ్లు. అక్కణ్ణుంచి కారు ముందే మాట్లాడుకోకపోతే ఇరుక్కుపోతారు. కారులో వెళ్తే ఐ-80 పట్టుకుని శుక్రవారం మధ్యాహ్నానికే చేరండి. మ్యాచ్ అయ్యాక మాత్రం తొందరపడి బయల్దేరకండి, ట్రాఫిక్ గంటల తరబడి కదలదు. అసలు మ్యాచ్‌తో పని లేదంటే, జట్టు బయటి ఊళ్లో ఆడే వారం వెళ్లండి. ఏ టెన్షనూ ఉండదు.