రీబిల్డ్ చేసిన పాత కారు ఇంజన్‌లో వేడెక్కాక ఆయిల్ ప్రెజర్ ఎందుకు పడిపోతుంది?

చల్లగా ఉన్నప్పుడు బాగున్న ప్రెజర్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో బాగా పడిపోతోందని అడిగారు. ముందు గేజ్‌నే అనుమానించండి. పాత సెండర్లు (ఇంజన్‌లో ఆయిల్ ప్రెజర్‌ని కొలిచి గేజ్‌కి పంపే సెన్సర్లు) తప్పు చూపించడం మామూలే. సెండర్ ఊడదీసి, అక్కడే మెకానికల్ గేజ్ బిగించి చూడండి. ప్రతి 1000 ఆర్‌పీఎంకి సుమారు 10 పీఎస్‌ఐ ఉండాలన్నది స్థూలమైన లెక్క. అసలు ప్రమాణం మీ ఇంజన్ మాన్యువలే. మెకానికల్ గేజ్‌లోనూ ప్రెజర్ సున్నా దగ్గరే ఉంటే ఇంజన్ ఆపేయండి. బేరింగులు పాడవడానికి ఎంతోసేపు పట్టదు.

చల్లగా ఉన్నప్పుడూ ప్రెజర్ తక్కువే అయితే రిలీఫ్ వాల్వ్ (ఎక్కువైన ప్రెజర్‌ని వదిలేసే వాల్వ్) తెరుచుకుని ఇరుక్కుందేమో, పాన్‌లోంచి ఆయిల్ లాగే పికప్ పైపు గాలి పీలుస్తోందేమో, ఆయిల్ గ్యాలరీ (ఇంజన్ లోపల ఆయిల్ పారే దారి) ప్లగ్ పెట్టడం మర్చిపోయారేమో చూడాలి. మీ లక్షణం వేరు. ఆయిల్ వేడికి పలచబడి ఎక్కడో వదులు సందులోంచి కారిపోతోంది. మాన్యువల్ చెప్పిన గ్రేడే పోశారా? పాత పంపునే మళ్లీ బిగించారా? అరిగిన పంపు వేడి ఆయిల్‌ని సరిగా నెట్టలేదు. ఈ రెండూ సరిగ్గా ఉంటే ఆయిల్ పాన్ దించి, మెయిన్, కనెక్టింగ్ రాడ్ బేరింగుల క్లియరెన్స్ (సందు) ప్లాస్టీగేజ్‌తో, అంటే నొక్కుకుపోయిన వెడల్పుని బట్టి సందు చెప్పే సన్నటి ప్లాస్టిక్ తీగతో, కొలవండి. జర్నల్ (క్రాంక్‌షాఫ్ట్‌లో బేరింగ్ లోపల తిరిగే భాగం) వ్యాసంలో ప్రతి అంగుళానికి సుమారు 0.001 అంగుళం మామూలు. క్రాంక్ గ్రైండ్ చేయించి, అంటే జర్నల్స్‌ని అరగదీయించి సన్నబరిచి, స్టాండర్డ్ సైజు బేరింగులే వేస్తే ఈ సందు బాగా పెరిగిపోతుంది. చిక్కటి ఆయిల్ పోసి గేజ్‌ని పైకి లేపడం మాత్రం వద్దు, లోపం లోపల అలాగే ఉంటుంది.

బిగించాక స్టార్ట్ చేసే ముందు స్పార్క్ ప్లగ్గులు తీసి, గేజ్ కదిలేదాకా స్టార్టర్‌తో ఆగి ఆగి తిప్పండి.